పెట్టె మీద అచ్చుపడని అంకె

ఆటలాడుకోవడానికి పడకగదిలోకి ఒక చవకైన టీవీ కొనదలచినవారికి అంగట్లో అంకెలు చాలానే చూపిస్తారు. 4కే అంటారు. హెచ్‌డీఆర్ అంటారు. 120 అంటారు. ఒక్క మిల్లీసెకను అంటారు. ఆటకు నిజంగా ప్రాణమైన అంకె మఱొకటి ఉన్నది. దాన్ని పెట్టె మీద అచ్చువేయరు. అమ్మేవాడు చెప్పడు. అడిగితే తరచు అతనికీ తెలియదు. కొనేవాడు కనిపించిన అంకెలకు డబ్బు కట్టి, కనిపించని అంకెతో ఏళ్ళ తరబడి కాపురం చేస్తాడు. ఇది అన్యాయమనీ, ఈ అన్యాయంలో మన భాష పాటిస్తున్న మౌనానికి కూడా వాటా ఉన్నదనీ నా వాదన.

"సాహిత్యం రాసుకునే చోట ఈ టీవీల గోల ఏమిటి?" అని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. పద్యంలో మాటకు అర్థం తెలియకపోతే నిఘంటువు తీస్తాం. పదివేలో ముప్ఫైవేలో పోసి కొనే వస్తువు మీది మాటకు అర్థం తెలియకపోతే మాత్రం తల ఊపి ఊరుకుంటాం. రెండోచోట అర్థం తెలియకపోవడం వల్ల కలిగే నష్టం రూపాయల్లో లెక్కకు వస్తుంది. భాషను ప్రేమిస్తున్నామని చెప్పుకునేవాళ్ళం ఆ రూపాయల సంగతి కూడా పట్టించుకోవాలి.

జాప్యం అంటే ఏమిటి?

నేను చెబుతున్న అంకె పేరు జాప్యం. ఇంగ్లీషులో ఇన్‌పుట్ లాగ్ అంటారు. చేతిలోని కంట్రోలర్ మీట నొక్కుతాం. ఆ సంకేతం కన్సోల్‌కు చేరుతుంది. కన్సోల్ బొమ్మను తయారుచేసి తీగ ద్వారా టీవీకి పంపుతుంది. టీవీ ఆ బొమ్మను వెంటనే తెర మీద వేయదు. లోపల కూర్చున్న చిప్పు దానికి ముందుగా సింగారం చేస్తుంది. మరకలు తుడుస్తుంది, అంచులు పదును పెడుతుంది, రంగులు పెంచుతుంది, కదలికను నున్నగా చేస్తుంది. ఆ తరువాతే బొమ్మ మన కంటికి వస్తుంది. బొమ్మ టీవీకి అందిన క్షణానికీ తెర మీద కనిపించిన క్షణానికీ మధ్య గడిచిన కాలమే టీవీ తెచ్చిపెట్టే జాప్యం. దాన్ని మిల్లీసెకన్లలో, అంటే సెకనులో వెయ్యోవంతుల్లో కొలుస్తారు.

సినిమా చూసేవారికి దీనితో పేచీ లేదు. బొమ్మ సెకనులో పదోవంతు ఆలస్యంగా వచ్చినా, టీవీ శబ్దాన్ని కూడా అంతే ఆపి రెండూ కలిపి వదులుతుంది. నాయకుడు పదోవంతు సెకను ఆలస్యంగా నవ్వితే కథకు వచ్చే లోటేమీ లేదు. ఆటలో అలా కాదు. అక్కడ బొమ్మ మన చేతికి జవాబు చెప్పాలి.

మనవాళ్ళందరికీ తెలిసిన క్రికెట్‌తోనే లెక్క వేద్దాం. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి సెకనుకు సుమారు 39 మీటర్లు పోతుంది. టీవీ జాప్యం 100 మిల్లీసెకన్లనుకోండి. ఆ వ్యవధిలో బంతి దాదాపు 4 మీటర్లు ముందుకు వచ్చేస్తుంది. పిచ్ పొడవు మొత్తం 20 మీటర్ల పైచిలుకు మాత్రమే. అంటే క్రికెట్ ఆటలో బ్యాటు పట్టినవాడు చూస్తున్న బంతి, కన్సోల్ లెక్కలో ఉన్న బంతి కంటే 4 మీటర్లు వెనక ఉన్నది! వాడు కొట్టేది గతాన్ని. ఆటలోని అంపైరు మాత్రం వర్తమానాన్ని బట్టి వేలెత్తుతాడు.

అసలు నష్టం ఇక్కడే ఉన్నది. తెర మసకగా ఉంటే తెర మసకగా ఉందని అందరికీ తెలుస్తుంది. జాప్యం కంటికి కనిపించదు. ఓడిపోతున్న పిల్లవాడు తెరను అనుమానించడు, తన చేతుల్ని నిందించుకుంటాడు. పక్కింటి పిల్లవాడు అదే ఆటను వేరే తెర మీద అవలీలగా ఆడుతుంటే, తనకు చురుకు లేదనుకుంటాడు. పెద్దవాళ్ళు కూడా "వీడికి చేతకాదు" అనేస్తారు. వస్తువులోని లోపాన్ని మనిషి తన లోపంగా మోయడం కంటే పెద్ద మోసం అంగట్లో ఏముంటుంది?

పాత గాజుటీవీకి లేని జబ్బు

ఈ జబ్బు టీవీకి పుట్టుకతో రాలేదు. గాజుబుడ్డి టీవీ తనకు అందిన సంకేతాన్ని అందినట్లే గీత తరువాత గీతగా తెర మీద గీసేసేది. దాచిపెట్టుకోవడానికి దానికి జ్ఞాపకం లేదు, సింగారించడానికి చిప్పు లేదు. 1990లలో మన ఊళ్ళలో క్యాసెట్లు గుచ్చి ఆడుకున్న వీడియోగేములు చాలామందికి గుర్తుండే ఉంటాయి. వాటితో పాటు ఒక ప్లాస్టిక్ తుపాకి వచ్చేది. దానితో తెర మీద ఎగిరే బాతుల్ని కాల్చేవాళ్ళం. 1984లో నింటెండో తెచ్చిన డక్ హంట్ అనే ఆట అది.

ఆ తుపాకి పనిచేసే పద్ధతి ముచ్చటైనది. తుపాకిలోంచి ఏదీ బయటికి పోదు. అందులో వెలుగును గుర్తించే కన్ను మాత్రమే ఉంటుంది. మీట నొక్కగానే ఆట ఒక్క క్షణం తెరను నల్లగా చేసి, మఱుక్షణం బాతు ఉన్నచోట తెల్లని చతురస్రం వేస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో తుపాకి కంటికి వెలుగు తగిలితే బాతు పడినట్లు. తెర ఆ చతురస్రాన్ని ఏమాత్రం ఆలస్యం లేకుండా వేస్తుందన్న నమ్మకం మీదే ఆ ఏర్పాటంతా నిలిచింది. ఇప్పటి పలకటీవీకి అదే ఆటను తగిలించి అదే తుపాకిని గురిపెట్టండి. ఒక్క బాతు కూడా పడదు. తుపాకి చెడిపోలేదు. తెల్ల చతురస్రం వచ్చేసరికి తుపాకి చూడటం మానేసి ఉంటుంది. టీవీకి తెలివి పెరిగింది, ఆ తెలివి బొమ్మతుపాకిని చంపింది.

ఈ తెలివిలో అన్నిటికంటే ఖరీదైనది కదలికను నున్నగా చేసే ప్రక్రియ. టీవీ తనకు వచ్చిన రెండు బొమ్మల మధ్య తానే ఒక కొత్త బొమ్మను కల్పించి ఇరికిస్తుంది. మొదటి బొమ్మకూ రెండో బొమ్మకూ మధ్యది గీయాలంటే రెండోది చేతికి రావాలి కదా! అందువల్ల టీవీ ఆగి తీరాలి. సెకనుకు 60 బొమ్మలు వస్తున్నప్పుడు ఒక్కో బొమ్మకూ దాదాపు 16.7 మిల్లీసెకన్లు. ఒక బొమ్మ కోసం ఆగినా అంత పోతుంది, ఆ పైన లెక్క కట్టే కాలం అదనం. ఇలాంటి సింగారాలన్నీ కలిస్తే జాప్యం వంద దాటడం అరుదేమీ కాదు.

దీనికి మందు కూడా టీవీలోనే ఉన్నది. దాని పేరు గేమ్ మోడ్. అది పెట్టగానే చిప్పు సింగారాలు చాలావరకు మాని, బొమ్మను వచ్చినది వచ్చినట్లు తెరకు పంపుతుంది. మంచి గేమ్ మోడ్ ఉన్న టీవీలో జాప్యం 20 మిల్లీసెకన్లకు లోపే ఉంటుంది. నలభై దాకా మామూలు ఆటగాడు సర్దుకుంటాడు. అరవై దాటితే చేయి చెబుతుంది. వంద దాటితే ఆ తెర వార్తలు చూడటానికి పనికివస్తుంది. గమనించవలసినదేమంటే, దీనికీ ధరకూ కచ్చితమైన లంకె లేదు. పెద్ద సింగారాలు లేని చవక టీవీ గేమ్ మోడ్‌లో చక్కగా ఉండవచ్చు. గేమ్ మోడ్ పెట్టని లక్షరూపాయల టీవీ దానికంటే అధ్వాన్నంగా ఉండవచ్చు. పేదవాడికి అనుకూలమైన వార్త ఇది ఒక్కటే ఉన్నది, దాన్నే అతనికి చేరనివ్వడం లేదు.

రెండు మాటలకు ఒకే తెలుగు

"పెట్టె మీద 1 మిల్లీసెకను అని వేశారు కదా, అది జాప్యం కాదా?" అని అడుగుతారు. కాదు. అది రెస్పాన్స్ టైమ్. తెర మీది ఒక్కొక్క చుక్క ఒక రంగు నుంచి మఱో రంగుకు మారడానికి పట్టే కాలం. అది ఎక్కువైతే కదిలే బొమ్మ వెనక నీడలాగా తోక కనిపిస్తుంది. అదీ ముఖ్యమే. కానీ చిప్పులో బొమ్మ 100 మిల్లీసెకన్లు నిలవ ఉన్న తరువాత, చుక్క 1 మిల్లీసెకనులో రంగు మారితే ఆటగాడికి ఒరిగేదేమిటి? రైలు రెండుగంటలు ఆలస్యంగా వచ్చింది, తలుపు మాత్రం చప్పున తెరుచుకుంది అన్నట్లుంటుంది.

తెలుగులో ఈ రెంటినీ "ప్రతిస్పందన సమయం" అని ఒకే మాటతో సరిపెట్టేస్తున్నారు. ఇంగ్లీషులో రెండు వేరువేరు మాటలుగా ఉన్నవి తెలుగులోకి వచ్చేసరికి ఒకటైపోయాయి. అమ్మేవాడికి ఇంతకంటే సౌఖ్యం ఉండదు. చిన్న అంకెను చూపించి పెద్ద అంకెను దాచేయవచ్చు. మన దగ్గర రెండు మాటలుంటే ఈ గారడీ సాగదు. మొదటిదాన్ని జాప్యమనీ, రెండోదాన్ని రంగుమారే కాలమనీ అందాం. ఇంతకంటే మంచివి ఎవరికైనా తోస్తే సంతోషం. మాట ఏదైనా ఫరవాలేదు, రెండు ఉండాలి.

తక్కిన అంకెల పురాణం

ఇప్పుడు పెట్టె మీద అచ్చుపడ్డ అంకెల్ని ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది 4కే. 1080 తెరలో సుమారు 20.7 లక్షల చుక్కలుంటాయి, 4కే తెరలో సుమారు 83 లక్షలు. నాలుగింతలు అనేసరికి మనసు ఊగుతుంది. మఱి కన్ను సంగతి? మామూలు ఆరోగ్యవంతమైన కన్ను డిగ్రీలో అరవయ్యోవంతు కోణాన్ని విడదీసి చూడగలదని వైద్యులు లెక్కకు తీసుకుంటారు. 43 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు. 1080 తెరలో ఒక్కో చుక్క అర మిల్లీమీటరు. పై లెక్క ప్రకారం అయిదున్నర అడుగులు దాటి కూర్చున్నవాడి కంటికి ఆ చుక్కలు విడివిడిగా కనిపించవు. ఆ దూరం దాటాక చుక్కల్ని నాలుగింతలు చేసినా కంటికి అందేది స్వల్పం. 4కే చుక్కల్ని పూర్తిగా అనుభవించాలంటే మూడడుగుల లోపు కూర్చోవాలి. పది పన్నెండడుగుల పడకగదిలో ఎదురుగోడకు టీవీ తగిలించి, దిండుకు ఆనుకుని కూర్చునేవాడు ఏడెనిమిది అడుగుల దూరంలో ఉంటాడు. అతనికి 4కే కోసం వేలు అదనంగా పెట్టించడం, చెవిటివాడికి రెండు శంఖాలు అమ్మడమే. అదే ధరకు 4కే వస్తే వద్దనమని కాదు. దానికోసం జాప్యాన్ని తాకట్టు పెట్టవద్దంటున్నాను.

రెండోది హెచ్‌డీ రెడీ. ఇది చవకబారు 32 అంగుళాల టీవీల మీద ఉంటుంది. ఆ తెరల్లో సాధారణంగా 1366 నిలువు వరుసలు, 768 అడ్డు వరుసలు ఉంటాయి. కన్సోళ్ళు మామూలుగా పంపేది 720 వరుసలు గానీ, 1080 వరుసలు గానీ. అంటే ఏ బొమ్మ వచ్చినా టీవీ దాన్ని సాగదీయాలి లేదా నొక్కిపెట్టాలి. దూరం నుంచి కదిలే బొమ్మల్లో ఇది అంతగా తెలియదు. కానీ ఆటల్లో స్కోర్లూ, పటాలూ, చిన్న అక్షరాలూ ఉంటాయి. పిల్లలు మంచం చివరికి జరిగి నాలుగడుగుల్లో కూర్చుని ఆడతారు. అక్కడ అక్షరాలు అలుక్కుపోతాయి. చిన్న తెరే కావాలనుకుంటే 32 అంగుళాల్లోనే పూర్తి 1080 ఉన్నదాన్ని వెతకండి. తక్కువగా దొరుకుతాయి గానీ దొరుకుతాయి.

మూడోది హెచ్‌డీఆర్. వెలుగునీడల తేడాను పెంచి చూపించే విద్య ఇది. ఇలాంటి బొమ్మల్ని తరచు 1000 నిట్ల వెలుగును దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తారు. చవక టీవీల వెలుగు 250, 300 నిట్ల దగ్గర ఆగిపోతుంది. తెరలో ఒక భాగాన్ని మాత్రమే చీకటి చేసే ఏర్పాటు కూడా వాటిలో ఉండదు. మఱి పెట్టె మీద ఆ మాట ఎలా వేస్తారంటే, ఆ సంకేతాన్ని అందుకుంటుంది కనుక. అందుకోవడం వేరు, చూపించడం వేరు. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, ఈ ధరలో హెచ్‌డీఆర్ అంత.

నాలుగోది 120. తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్త బొమ్మ వేయగలదో చెప్పేది హెర్ట్జ్. పెట్టె మీద మాత్రం మోషన్ రేట్ అనీ, ట్రూమోషన్ అనీ, మోషన్‌ఫ్లో అనీ ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క పేరుతో తన సొంత కొలత చెబుతుంది. ఆ కొలతలో 120 అని ఉన్నా లోపలి తెర 60 హెర్ట్జ్‌దే కావచ్చు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. పైపెచ్చు ఆ పేరుతో జరిగే పనుల్లో ముఖ్యమైనది నేను పైన చెప్పిన నున్నచేసే ప్రక్రియే. అంటే ఆటకు చేటుచేసేదాన్నే ఆటగాడికి వరంగా అమ్ముతున్నారు! నిజంగా 120 హెర్ట్జ్ తెరే అయినా, దాన్ని వాడుకునే యంత్రం కావాలి. మామూలు ప్లేస్టేషన్ 4 సెకనుకు 60 బొమ్మల్ని మించి పంపలేదు. అది ఉన్న ఇంటికి 120 దండగ. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ పంపగలవు, అదీ కొన్ని ఆటల్లోనే.

అయిదోది హెచ్‌డీఎమ్‌ఐ 2.1. ఈ ప్రమాణం 2017లో వచ్చింది. ఇందులో ఆటకు పనికివచ్చే సదుపాయాలు నిజంగానే ఉన్నాయి. కానీ అవి ఐచ్ఛికాలు. అన్నీ ఉండకపోయినా ఆ అంకె వేసుకోవచ్చు. కనుక అంకెను కాక సదుపాయాన్ని పేరు పెట్టి అడగాలి. చవక టీవీలో అడగదగినది ఏఎల్ఎల్ఎమ్. కన్సోల్ మొదలుపెట్టగానే టీవీ తానే గేమ్ మోడ్‌లోకి పోయే ఏర్పాటు అది. ఇంట్లో అందరూ వాడే టీవీకి ఇది చాలా మేలు. ప్రతిసారీ మెనూలో వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు.

పన్ను గీసిన గీత

మన దేశంలో పడకగది టీవీ అనగానే 32 అంగుళాలే ఎందుకు తడుతుంది? గది కొలత ఒక కారణం, ధర మఱొక కారణం. ఆ ధరలో ప్రభుత్వం చెయ్యి కూడా ఉండేది. 2019 జనవరి 1 నుంచి 32 అంగుళాల దాకా టీవీల మీద జీఎస్‌టీ 18 శాతం, అంతకు మించితే 28 శాతం. దాదాపు ఏడేళ్ళపాటు ఆ గీత సామాన్యుణ్ణి 32 దగ్గరే నిలబెట్టింది. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీలకు కూడా 18 శాతమే అయింది. గీత చెరిగిపోయింది గానీ అలవాటు చెరగలేదు. ఏడడుగుల దూరం నుంచి ఆడేవారు ఇప్పుడు 40, 43 అంగుళాల 1080 తెరల ధరలు కూడా ఒకసారి చూసుకోవాలి. అలాగని గోడకు పట్టని తెర కొనమని కాదు.

పడకగది ప్రత్యేకతలు

పడకగదిలో టీవీని బీరువా పైన, తలకు చాలా ఎత్తులో తగిలించడం మనకు పరిపాటి. పడుకుని చూడటానికి అది బాగానే ఉంటుంది, గంటసేపు ఆడేవాడి మెడకు బాగుండదు. తెర నడుమ కూర్చున్నవాడి కంటి ఎత్తుకు దగ్గరగా ఉండాలి.

తెరల్లో ముఖ్యంగా రెండు జాతులున్నాయి. వీఏ తెర ఎదురుగా కూర్చుంటే నలుపును నల్లగా చూపిస్తుంది. రాత్రి దీపం ఆర్పి ఆడేవారికి అది నచ్చుతుంది. కాకపోతే పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి, చీకటి దృశ్యాల్లో తోక కొంత ఎక్కువ. ఐపీఎస్ తెర ఏ మూలనుంచి చూసినా ఒకేలా ఉంటుంది గానీ చీకట్లో నలుపు బూడిదరంగుగా కనిపిస్తుంది. ఒక్కరే ఎదురుగా ఆడితే మొదటిది, అన్నదమ్ములిద్దరు మంచానికి చెరోవైపు కూర్చుంటే రెండోది. ఇది తేల్చుకోవడానికి ఏ నిపుణుడూ అక్కర్లేదు, మీ మంచం ఎటు ఉందో మీకు తెలుసు.

ఇంకో సంగతి. ఫోనులోని ఆటను తీగ లేకుండా టీవీ మీదికి పంపి ఆడదామనుకునేవారు ఆ ఆశ వదులుకోవాలి. ఫోను బొమ్మను కుదించి, గాలిలో పంపి, టీవీ మళ్ళీ విప్పేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. బ్లూటూత్ స్పీకర్లతోనూ అదే తంటా. బొమ్మ ముందు, చప్పుడు వెనక. తీగ చూడటానికి వికారమే గానీ ఆటకు తీగను మించిన చుట్టం లేడు.

కొన్ని ఆక్షేపణలు

"అంత జాప్యం గొడవైతే మానిటర్ కొనుక్కోవచ్చు కదా" అంటారు. బల్ల ముందు ఒక్కడే కూర్చుని ఆడేవాడికి అదే మంచిదని నేనూ ఒప్పుకుంటాను. కానీ మన మధ్యతరగతి పడకగదిలోని తెర ఒక్కడిది కాదు. పగలు అమ్మమ్మకు సీరియలు, రాత్రి నాన్నకు వార్తలు, ఆదివారం అందరికీ సినిమా, మధ్యలో పిల్లలకు ఆట. రిమోటూ, స్పీకర్లూ, కేబులూ ఉన్న తెర కావాలి. అందుకే టీవీ గురించి మాట్లాడుతున్నాను.

"ఆ యాభై మిల్లీసెకన్లు ఎవరికి తెలుస్తాయి?" అని మఱికొందరు. మృదంగం వాయించేవాణ్ణి అడగండి, దెబ్బ యాభై మిల్లీసెకన్లు వెనకబడితే ఏమవుతుందో. లయ తెలిసిన చేతికి కాలం తెలుస్తుంది. ఆట కూడా లయే.

"పడకగదిలో టీవీయే అనర్థం, అందులో ఆటలా?" అనేవారు కూడా ఉన్నారు. కొనాలా వద్దా అన్నది ఆయా ఇళ్ళవారు తేల్చుకోవలసిన మాట, అందులో నేను వేలు పెట్టను. కానీ కొనాలని నిశ్చయించుకున్నవాడి డబ్బు పనికిరాని అంకెల పాలు కావాలన్నది ఏ నీతిశాస్త్రం? ఆటలు మంచివి కావనే అభిప్రాయం ఉన్నంత మాత్రాన ఆటగాణ్ణి మోసగించడం ధర్మమైపోదు.

అంగట్లో ఏం చేయాలి?

విదేశాల్లో టీవీల జాప్యాన్ని యంత్రాలతో కొలిచి ప్రకటించే పరీక్షకులున్నారు. మన దగ్గర చవకగా అమ్మే నమూనాలు వారి పట్టికల్లో అరుదు. కనుక మన కొలత మనమే కొలుచుకోవాలి. ఇది బ్రహ్మవిద్యేమీ కాదు.

దుకాణానికి ఒక ల్యాప్‌టాపూ, ఒక హెచ్‌డీఎమ్‌ఐ తీగా తీసుకుపోండి. టీవీకి తగిలించి, రెండు తెరల మీదా ఒకే బొమ్మ వచ్చేలా పెట్టండి. మిల్లీసెకన్లు చూపించే స్టాప్‌వాచీని నడిపించండి. రెండు తెరలూ ఒకే ఫోటోలో పడేలా తీయండి. ల్యాప్‌టాప్ మీది అంకెకూ టీవీ మీది అంకెకూ తేడా ఎంతో, టీవీ జాప్యం ఉజ్జాయింపుగా అంత. అంకెలు బొమ్మబొమ్మకీ గెంతుతాయి కనుక పది ఫోటోలు తీసి సగటు కట్టండి. గేమ్ మోడ్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి చేయండి. ఆ రెండు సగటుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఇక నా వాదనతో పని ఉండదు. ఒప్పుకోని దుకాణం నుంచి బయటికి నడవడానికి మనకు కాళ్ళున్నాయి.

జాలంలో కొనేవారు ముందుగా ఆ నమూనా కరదీపికను దింపుకుని, అందులో గేమ్ మోడ్, ఏఎల్ఎల్ఎమ్ అన్న మాటలున్నాయేమో చూసుకోండి. తిరిగి ఇచ్చే గడువు ఎన్నాళ్ళో, ఏయే కారణాలకు వర్తిస్తుందో చదువుకోండి. టీవీ రాగానే ఆ గడువులోపే పరీక్ష చేయండి. ఫోను కెమెరాలో సెకనుకు 240 బొమ్మలు తీసే నిదాన చిత్రీకరణ ఉంటే, మీట నొక్కే వేలినీ తెరనూ కలిపి తీసి బొమ్మలు లెక్కపెట్టండి. ఒక్కో బొమ్మకు నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు. ఇందులో కన్సోల్ సొంత ఆలస్యం కూడా కలిసి ఉంటుంది కనుక గేమ్ మోడ్‌కు ముందూ తరువాతా ఉన్న తేడానే చూడండి.

ఎవరు వేయాలి ఆ అంకె?

ఇంత తంటా కొనేవాడు ఎందుకు పడాలి? టీవీ ఎంత కరెంటు తాగుతుందో చెప్పే నక్షత్రాల చీటీని ఇంధన సామర్థ్య సంస్థ ఆదేశం మీద అతికిస్తున్నారు. ఆ చీటీ వచ్చినందువల్ల ఏ కంపెనీ మూతపడలేదు. వాట్లు అచ్చువేయగలిగినవారు మిల్లీసెకన్లు అచ్చువేయలేరా? గేమ్ మోడ్‌లో జాప్యం ఇంత, లేకుండా ఇంత అని రెండు అంకెలు వేస్తే చాలు. వేయించే అధికారం ఉన్నవారు వేయించాలి.

భాష సంగతి కూడా చెప్పి ముగిస్తాను. 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నియమాల ప్రకారం పెట్టె మీది తప్పనిసరి వివరాలు హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ ఉండాలి. ఇంకో భాష అదనంగా వేసుకోవచ్చు, వేసి తీరాలని లేదు. 2018లో షావోమీ సంస్థ తన టీవీలను తిరుపతిలోని డిక్సన్ కర్మాగారంలో తయారు చేయించడం మొదలుపెట్టింది. తెలుగు చేతులు తెలుగునేల మీద బిగించిన టీవీ పెట్టె మీద కూడా తెలుగు ముక్క ఉండాలని చట్టం అడగదు. చట్టం అడగదు సరే, మనమైనా అడిగామా? మాటే లేనిచోట అడగడం ఎలా అన్నది నిన్నటిదాకా చెల్లిన సాకు. ఇప్పుడు మాట ఉన్నది. ఈసారి టీవీల దుకాణానికి పోయినప్పుడు 4కే ఉందా, హెచ్‌డీఆర్ ఉందా అని అడక్కండి. "జాప్యం ఎంత?" అని తెలుగులో అడగండి. అతను తెల్లమొహం వేస్తే అర్థం చెప్పండి. పదిమంది అడిగితే పదకొండోవాడికి అతనే చెబుతాడు.

ఇంతే సంగతులు, చిత్తగించవలెను.